ఒకే ఫైలు, రెండు రేషన్ కార్డులు: రొయ్యల బిల్లులో పాత రేటు ఎందుకొచ్చింది

"రేటు మార్చినా బిల్లులో పాత రేటే వస్తా ఉంది అన్నా. కరెంటు పోయి వస్తే మాత్రం బాగైపోతా ఉంది."

నాకొచ్చిన కంప్లైంట్లలో ఇంత విచిత్రమైనది ఇంకోటి లేదు. కరెంటు పోతే చెడిపోయే ప్రోగ్రాములు చూశాను గానీ, పోతే బాగయ్యేది ఇదే మొదలు. రొయ్యల కొనుగోలు కేంద్రంలో అకౌంట్స్ చూసే కుర్రాడు మొదటి ఫోన్‌లోనే సగం జవాబు చెప్పేశాడు. నేను దాన్ని పట్టించుకోకుండా మూడు వారాలు తిరిగాను. ఆ మూడు వారాల కథ ఇది.

నెల్లూరులో మైపాడు గేటు నుంచి ఇందుకూరుపేట వైపు పోతుంటే వరి పొలాలు పలచబడి రొయ్యల గుంటలు మొదలవుతాయి. ఆ పక్కనే ఉన్న ఆ కొనుగోలు కేంద్రానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో బిల్లింగ్ ప్రోగ్రామ్ రాసిచ్చాను. పని పెద్దదేం కాదు. పట్టుబడి అయ్యాక సరుకు క్రేట్లలో ఐసు వేసి వస్తుంది. శాంపిల్ తీసి కాటా మీద పెట్టి లెక్కపెడతారు. కిలోకి 60 రొయ్యలు తూగితే 60 కౌంట్, 100 తూగితే 100 కౌంట్. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. కౌంట్‌ని బట్టి రేటు, రేటుని బట్టి బిల్లు. చిక్కల్లా ఒక్కటే: రేటు రోజూ ఒకేలా ఉండదు, ఒక్కోసారి మధ్యాహ్నమే మారిపోతుంది.

ఆ రోజు అదే జరిగింది. పన్నెండింటికి రేట్లు పెరిగాయని కబురొచ్చింది. అకౌంట్స్ చూసే కుర్రాడు స్క్రీన్ మీద మార్చాడు. శాంపిల్ స్క్రీన్‌లో కొత్త రేటే కనిపించింది. రైతుకి నోటితో అదే చెప్పాడు. సాయంత్రం ప్రింట్ తీసిన బిల్లులో మాత్రం పొద్దున రేటుంది. ముగ్గురు రైతులకి కలిపి 2,600 కిలోలు, కిలోకి 8 రూపాయలు తక్కువ. మొత్తం 20,800 రూపాయలు. ఓనరు పెద్దాయన మర్నాడు తేడా డబ్బు ఇచ్చేశాడు గానీ, రైతుల ముందు మాట పోయిందన్న బాధ ఆయనది. "తూకంలో మోసం చేశారంటారు గానీ కంప్యూటర్ తప్పంటే ఎవరు నమ్ముతారు అబ్బయ్యా?" అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ముందు ప్రోగ్రామ్ ఎలా పేర్చి ఉందో చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఫైళ్ల పేర్లన్నీ తెలుగు లిపిలోనే రాస్తాను, పైకి చదివితే అసలు పేరు తెలిసిపోతుంది. "రొయ్య" అని ఒక ఫోల్డర్. దాని లోపల "బిల్లింగ్" ఫోల్డర్. అందులో సర్వర్.పీవై, రేట్స్.పీవై, శాంపిల్.పీవై, బిల్.పీవై, సెట్టింగ్స్.పీవై. పక్కనే "టూల్స్" అని ఇంకో ఫోల్డర్, అందులో రాత్రి పూట రోజు మొత్తం లెక్క తీసే స్క్రిప్ట్. సర్వర్.పీవై ఫ్లాస్క్ అనే వెబ్ లైబ్రరీతో రాసింది, అదే పీసీలో బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. రేట్స్.పీవైలో ఒక డిక్షనరీ ఉంది: కౌంట్‌కి రేటు. ఇంపోర్ట్ అయిన (ఇంకో ఫైలు దాని కోడ్‌ని తెచ్చుకున్న) వెంటనే ఒక జేసన్ ఫైలు (డేటాని అక్షరాల రూపంలో దాచేది) చదివి ఆ డిక్షనరీ నింపుకుంటుంది. రేటు మారిస్తే డిక్షనరీలోనూ మారుస్తుంది, జేసన్ ఫైలులోనూ రాస్తుంది. పైథాన్ 3.10, విండోస్ పీసీ.

మొదట బ్రౌజర్ని అనుమానించాను. కంట్రోల్ ఎఫ్5 కొట్టించాను. తేడా లేదు.

తర్వాత అందరూ చేసేదే చేశాను: పైకాష్ ఫోల్డర్ డిలీట్ చేసి ప్రోగ్రామ్ మళ్లీ మొదలెట్టాను. బాగైపోయింది! పాత పీవైసీ ఫైలు మిగిలిపోయిందని తేల్చేసి, ఫోన్‌లో ధీమాగా చెప్పేశాను కూడా. తప్పు. పైథాన్ ఒక సోర్స్ ఫైలుని మొదటిసారి ఇంపోర్ట్ చేసినప్పుడు బైట్‌కోడ్‌గా (తాను నడపడానికి వీలైన రూపంలోకి) మార్చి, పీవైసీ ఫైలుగా పైకాష్‌లో దాచుకుంటుంది. మళ్లీసారి దాన్ని వాడేముందు, సోర్స్ ఫైలు మారిన టైము, సైజు రెండూ పీవైసీ తలలో రాసినవాటితో సరిపోతున్నాయా అని చూస్తుంది. సరిపోకపోతే మళ్లీ తయారు చేసుకుంటుంది. పైగా ఇక్కడ మారింది కోడ్ కాదు, రేటు. రేటుకీ పీవైసీకీ సంబంధమే లేదు. బాగైంది డిలీట్ చేసినందుకు కాదు, రీస్టార్ట్ అయినందుకు. కరెంటు పోయి వచ్చినప్పుడు జరిగేదీ అదే కదా. అప్పుడైనా బల్బు వెలగాల్సింది.

వారం తర్వాత మళ్లీ ఫోన్. ఈసారి నా అనుమానం "ఫ్రమ్ రేట్స్ ఇంపోర్ట్" పద్ధతి మీదకి పోయింది. ఇది చాలామంది పడే గోతి. ఒక మాడ్యూల్ (ఇంపోర్ట్ చేసుకున్న ఫైలు) నుంచి ఒక పేరుని నేరుగా తెచ్చుకుంటే, ఆ క్షణంలో ఆ పేరు దేన్ని చూపిస్తోందో అదే మన చేతికొస్తుంది. తర్వాత ఆ మాడ్యూల్ లోపల ఆ పేరుకి కొత్త డిక్షనరీ పెడితే, మన దగ్గర పాతదే ఉండిపోతుంది. లక్షణాలు అచ్చం మా బిల్లు లాగానే ఉంటాయి. కోడ్ తెరిచి చూస్తే అది కాదు. మాడ్యూల్‌నే ఇంపోర్ట్ చేశాను, డిక్షనరీ పేరు ద్వారానే వాడాను, ఉన్న డిక్షనరీలోనే విలువ మార్చాను. కోడ్ ప్రకారం ఎక్కడి నుంచి చూసినా కొత్త రేటే కనపడాలి.

నా లాప్‌టాప్‌లో ఇది ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకు రాలేదంటే నేను టెస్ట్ చేసే తీరు అలాంటిది: ప్రోగ్రామ్ మొదలెట్టు, ఒక బిల్లు కొట్టు, ఆపేయ్. మధ్యలో రేటు మార్చి, ఆపకుండా మళ్లీ బిల్లు కొట్టాలని తట్టలేదు. కొనుగోలు కేంద్రంలో ప్రోగ్రామ్ పొద్దున ఆరింటికి లేస్తే రాత్రి దాకా ఆగదు.

దారి చూపించింది ఇంకో తప్పు. ఒకరోజు చిన్న సరుకు వచ్చింది, 140 కౌంట్. ఆ కౌంట్‌కి రేటు పెట్టలేదు. అలా అయితే రేట్స్.పీవై "రేట్ మిస్సింగ్" అనే ఎక్సెప్షన్ (తప్పు జరిగిందని చెప్పే సంకేతం) లేపుతుంది, సర్వర్.పీవై దాన్ని పట్టుకుని "ఈ కౌంట్‌కి రేటు లేదు" అని స్క్రీన్ మీద చూపిస్తుంది. అలా రాశాను. అక్కడ మాత్రం స్క్రీన్ నిండా సర్వర్ ఎర్రర్ వచ్చింది. లాగ్ ఫైలు వాట్సాప్‌లో పంపమన్నాను. చివరి లైను ఇలా ఉంది: "బిల్లింగ్.రేట్స్.రేట్‌మిస్సింగ్: 140".

ఎర్రర్ మామూలే. దాని పేరే మామూలుగా లేదు. పైథాన్ ఎర్రర్ చూపించేటప్పుడు ఆ ఎక్సెప్షన్ క్లాసు ఏ మాడ్యూల్‌లో పుట్టిందో ఆ పేరు ముందు పెడుతుంది. ఇక్కడ మాడ్యూల్ పేరు "బిల్లింగ్.రేట్స్". సర్వర్.పీవైలో నేను పట్టుకుంటున్నది "రేట్స్.రేట్‌మిస్సింగ్". ఫైలు ఒకటే. పేర్లు రెండు. ఒకరి కోసం తలుపు తీసి పెడితే ఇంకొకరు గోడ దూకి పోయినట్టుంది.

సర్వర్.పీవైలో ఒక దాపుడు పేజీ పెట్టాను. అది తెరిస్తే, సిస్.మాడ్యూల్స్‌లో (లోడ్ అయిన మాడ్యూల్స్ పట్టీలో) ఉన్న ప్రతి మాడ్యూల్‌నీ తీసుకుని, ఫైలు దారి ప్రకారం గుంపులు కట్టి, ఒకే ఫైలుకి ఒకటి కన్నా ఎక్కువ పేర్లుంటే ఆ పేర్లూ, ఒక్కోదాని ఐడీ (మెమరీలో దాన్ని గుర్తించే నంబరు) ప్రింట్ చేస్తుంది. ఆరేడు లైన్ల కోడ్. వచ్చిన గుంపుల్లో చెప్పుకోవాల్సినవి మూడు. మొదటిది ఓఎస్.పాత్, ఎన్‌టీపాత్. దాన్ని చూసి ఒక నిమిషం కంగారు పడ్డాను గానీ, రెండింటి ఐడీ ఒకటే. అంటే మాడ్యూల్ ఒక్కటే, పేర్లు రెండు. పైథాన్ కావాలనే అలా పెట్టుకుంది: విండోస్‌లో ఓఎస్.పాత్ అంటే ఎన్‌టీపాతే. రెండో గుంపు రేట్స్, బిల్లింగ్.రేట్స్. ఐడీలు వేరు. మూడోది సెట్టింగ్స్, బిల్లింగ్.సెట్టింగ్స్. అక్కడా ఐడీలు వేరు.

అంటే ఒక్క రేట్స్.పీవై ఫైలు, ఒకే ప్రాసెస్‌లో (నడుస్తున్న ఒకే ప్రోగ్రామ్‌లో), రెండుసార్లు లోడ్ అయింది. రెండు డిక్షనరీలు, రెండు ఎక్సెప్షన్ క్లాసులు. రేటు మార్చే స్క్రీన్, శాంపిల్ స్క్రీన్ ఒక కాపీని చూస్తున్నాయి. బిల్లు రెండో కాపీని చూస్తోంది. రీస్టార్ట్ అయితే రెండూ అదే జేసన్ ఫైలు చదువుకుని లేస్తాయి కాబట్టి ఒకేలా ఉంటాయి. రేటు మారిన క్షణం నుంచి విడిపోతాయి. కరెంటు పోతే మళ్లీ కలుస్తాయి. ఇంకో విషయం: రెండు కాపీలూ పైకాష్‌లో ఉన్న ఒకే పీవైసీ నుంచి లేచాయి, ఎందుకంటే పీవైసీ పేరు సోర్స్ ఫైలు దారిని బట్టి ఉంటుంది, మనం ఇంపోర్ట్ చేసిన పేరుని బట్టి కాదు. నేను దాన్ని ఎన్నిసార్లు డిలీట్ చేసినా ఒరిగేదేం లేదు.

ఇది ఎలా సాధ్యమో అర్థం కావాలంటే ఇంపోర్ట్ అన్నప్పుడు పైథాన్ ఏం చేస్తుందో చూడాలి.

మొట్టమొదట సిస్.మాడ్యూల్స్ చూస్తుంది. అది ఒక డిక్షనరీ: పేరుకి మాడ్యూల్. అడిగిన పేరు అందులో ఉంటే అక్కడితో ఆగిపోతుంది, ఫైలు జోలికి పోదు. అందుకే ఒక మాడ్యూల్‌ని పది చోట్ల ఇంపోర్ట్ చేసినా దాని కోడ్ ఒక్కసారే నడుస్తుంది. కానీ పోల్చేది పేరుని. ఆ ఫైలు ఇంతకుముందే వేరే పేరుతో లోడ్ అయిందా అని పైథాన్ ఎప్పుడూ అడగదు. ఒకప్పుడు రేషన్ షాపులో కార్డు నంబరు చూసి బియ్యం పోసేవాళ్లు, మనిషి ముఖం చూసి కాదు కదా. ఒకే మనిషికి రెండు కార్డులుంటే రెండుసార్లు పోసేవాళ్లు.

పేరు లేకపోతే వెతుకులాట. సిస్.మెటాపాత్‌లో ఉన్న ఫైండర్లని ఒక్కొక్కటిగా అడుగుతుంది. మామూలుగా మూడుంటాయి: పైథాన్ లోపలే కట్టేసిన మాడ్యూల్స్ కోసం ఒకటి, ఫ్రోజెన్ మాడ్యూల్స్ (బైట్‌కోడ్ రూపంలో పైథాన్‌లోనే కలిపేసినవి) కోసం ఒకటి, ఫైళ్లలో వెతకడానికి పాత్‌ఫైండర్. మన కోడ్ ఎప్పుడూ మూడోదాని వాటా. అది సిస్.పాత్ అనే జాబితాలో ఉన్న ఫోల్డర్లని మొదటి నుంచి చివరికి చూసుకుంటూ పోతుంది, ముందు దొరికిందే తీసుకుంటుంది.

ఆ పీసీలో సిస్.పాత్ ప్రింట్ చేస్తే ఇలా ఉంది. మొదటిది బిల్లింగ్ ఫోల్డర్. ఎందుకంటే "పైథాన్ బిల్లింగ్/సర్వర్.పీవై" అని స్టార్ట్ చేస్తే, ఆ స్క్రిప్ట్ ఏ ఫోల్డర్‌లో ఉందో అది మొదట్లో చేరుతుంది. మనం ఏ ఫోల్డర్‌లో నిలబడి కమాండ్ కొట్టామన్నది దానికి అనవసరం. రెండోది రొయ్య ఫోల్డర్, ఇది పైథాన్‌పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (ఇంకే ఫోల్డర్లలో వెతకాలో పైథాన్‌కి చెప్పే సెట్టింగ్) నుంచి. తర్వాత పైథాన్310.జిప్ (ఆ ఫైలు అక్కడ లేదు, అయినా పేరు జాబితాలో ఉంటుంది, చూసి భయపడొద్దు), డీఎల్‌ఎల్స్, లిబ్, చివర్లో పిప్ అనే ఇన్‌స్టాల్ సాధనంతో వేసుకున్న ప్యాకేజీలుండే సైట్‌ప్యాకేజెస్.

మొదటి రెండూ ఒకదాని లోపల ఒకటి. గొడవంతా అక్కడుంది. సర్వర్.పీవై "ఇంపోర్ట్ రేట్స్" అంటే బిల్లింగ్ ఫోల్డర్‌లో నేరుగా దొరుకుతుంది, పేరు "రేట్స్". బిల్.పీవై "ఫ్రమ్ బిల్లింగ్ ఇంపోర్ట్ రేట్స్" అంటే రొయ్య ఫోల్డర్‌లో బిల్లింగ్ దొరుకుతుంది. ఆపైన దాని లోపల వెతకడానికి సిస్.పాత్ కాదు, ఆ ప్యాకేజీకి ఉండే సొంత పాత్ వాడుతుంది. అక్కడ రేట్స్.పీవై దొరుకుతుంది, పేరు "బిల్లింగ్.రేట్స్". ఆ పేరు సిస్.మాడ్యూల్స్‌లో లేదు. కొత్తగా లోడ్ చేసింది. పైథాన్ తన పని తాను సరిగ్గానే చేసింది.

బిల్లింగ్ ఫోల్డర్‌లో ఇనిట్ ఫైలు కూడా లేదు. పైథాన్ 2లో అయితే ఆ ఫైలు లేకుండా ఫోల్డర్‌ని ప్యాకేజీగా ఒప్పుకునేదే కాదు, మొదటిరోజే ఎర్రర్ వచ్చి నా తప్పు బయటపడేది. 3.3 నుంచి అలాంటి ఫోల్డర్‌ని నేమ్‌స్పేస్ ప్యాకేజీగా తీసుకుంటుంది. పెద్ద ప్రాజెక్టులకి మంచి సదుపాయం. నాకు మాత్రం నోరు మూసుకుని తప్పుని మోసిపెట్టింది.

మరి ఆ రెండు రకాల ఇంపోర్ట్‌లు ఎవరు రాశారు? ఒకటి నేను రాసింది. ఇంకొకటి నేను కోడ్ రాసుకునే పైచార్మ్ అనే ఎడిటర్ రాసింది. బిల్.పీవైలో రేట్స్ అని టైప్ చేసి ఆల్ట్ ఎంటర్ కొడితే అది తనంతట తానే ఆ ఇంపోర్ట్ లైను పైన పెట్టేసింది. పైచార్మ్ మామూలుగా ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని పైథాన్‌పాత్‌లో కలిపి నడుపుతుంది కాబట్టి నా దగ్గర ఇబ్బంది లేకుండా పనిచేసింది. ఆ పీసీలో పైచార్మ్ లేదు కదా, అక్కడ ఇంపోర్ట్ ఎర్రర్ రావాలి కదా అంటారా? రావాల్సిందే. రాకుండా చేసిందీ నేనే. ఆరు నెలల ముందు టూల్స్ ఫోల్డర్‌లోని రాత్రి స్క్రిప్ట్‌కి బిల్లింగ్ దొరకట్లేదని, టాస్క్ షెడ్యూలర్‌తో (టైముకి ప్రోగ్రాములు నడిపే విండోస్ సాధనంతో) కుస్తీ పట్టలేక, విండోస్ సెట్టింగ్స్‌లోకి పోయి పైథాన్‌పాత్‌ని పీసీ మొత్తానికి పెట్టేశాను. రాత్రి స్క్రిప్ట్ పనిచేసింది, ఇంటికొచ్చి భోంచేసి పడుకున్నాను. ఒక ప్రోగ్రామ్ కోసం పెట్టిన వేరియబుల్ ఆ పీసీలో ప్రతి పైథాన్ ప్రోగ్రామ్‌కీ వర్తిస్తుందన్నది తెలిసిన సంగతే. తెలిసీ చేశాను.

ఆ రాత్రికి ఎనీడెస్క్ (దూరం నుంచి పీసీ నడిపే ప్రోగ్రామ్) ద్వారా బిల్.పీవైలో ఒక్క లైను మార్చి ఆపాను. పొద్దున్నే సరుకు వస్తుంది, అంతకన్నా ఎక్కువ కదిలించే ధైర్యం లేదు. అసలు రిపేరు ఆదివారం బండి వేసుకుని పోయి చేశాను.

ముందు పైథాన్‌పాత్ తీసేశాను. బిల్లింగ్‌లో ఖాళీ ఇనిట్ ఫైలు పెట్టాను. ఇంపోర్ట్‌లన్నీ "బిల్లింగ్." తో మొదలయ్యేలా మార్చాను. స్టార్ట్ చేసే పద్ధతి మార్చాను: రొయ్య ఫోల్డర్‌లో నిలబడి, మైనస్ ఎమ్ అనే ఆప్షన్‌తో, "బిల్లింగ్.స్టార్ట్" అని మాడ్యూల్ పేరు ఇవ్వడం. అలా నడిపితే సిస్.పాత్ మొదట్లో చేరేది మనం నిలబడిన ఫోల్డర్, అంటే రొయ్య. బిల్లింగ్ ఫోల్డర్ నేరుగా జాబితాలో ఉండదు. ఇక ఎక్కడైనా పాత "ఇంపోర్ట్ రేట్స్" మిగిలిపోతే మాడ్యూల్ దొరకలేదని వెంటనే అరుస్తుంది. నేను మరిచిపోయిన నాలుగు చోట్లు అలాగే దొరికాయి. పైథాన్ 3.11 నుంచి అయితే మైనస్ పెద్ద పీ అని ఒక ఆప్షన్ ఉంది, స్క్రిప్ట్ ఫోల్డర్‌ని జాబితాలో చేర్చకుండా ఆపుతుంది. అక్కడున్నది 3.10 కాబట్టి ఆ ముచ్చట తీరలేదు.

సర్వర్.పీవైనే నేరుగా మైనస్ ఎమ్‌తో నడపకుండా స్టార్ట్ అని వేరే చిన్న ఫైలు ఎందుకంటే, మనం నడిపే ఫైలు పేరు ఎప్పుడూ "మెయిన్" అవుతుంది. రేపు ఎవరైనా "బిల్లింగ్.సర్వర్" అని ఇంపోర్ట్ చేస్తే అదే ఫైలు రెండో పేరుతో మళ్లీ లోడ్ అవుతుంది. మళ్లీ అదే రెండు కార్డుల కథ. స్టార్ట్ ఫైలులో సర్వర్‌ని పిలిచే రెండు లైన్లు తప్ప ఏమీ లేవు, అది రెండుసార్లు లోడైనా పోయేదేం లేదు.

రాత్రి స్క్రిప్ట్ కోసం ప్రాజెక్ట్‌కి పైప్రాజెక్ట్ ఫైలు (ప్రాజెక్ట్ వివరాలుండేది) రాసి, పిప్‌తో ఎడిటబుల్‌గా (కాపీ చేయకుండా ఆ ఫోల్డర్‌నే వాడేలా) ఇన్‌స్టాల్ చేశాను. అప్పుడు ఏ ఫోల్డర్ నుంచి నడిపినా బిల్లింగ్ దొరుకుతుంది, ఒకే పేరుతో. ఆరు నెలల ముందే పావుగంట కూర్చుంటే అయిపోయే పని.

రేట్లని కూడా మాడ్యూల్‌లోని డిక్షనరీ నుంచి తీసేసి ఎస్‌క్యూలైట్ (ఒక ఫైలులో ఉండే చిన్న డేటాబేస్) టేబుల్‌లో పెట్టాను, బిల్లు కొట్టిన ప్రతిసారీ అక్కడి నుంచే చదువుతుంది. డబ్బు లెక్కని ప్రాసెస్ మెమరీలో ఉంచడం మొదటి నుంచీ నా తప్పే. అయితే ఇది ఒక్కటే చేసి ఊరుకుంటే బిల్లు బాగైపోయేది గానీ, ఎక్సెప్షన్ మాత్రం ఎప్పటిలాగే తప్పించుకుని పోయేది, అసలు కారణం లోపలే ఉండిపోయేది. అందుకే రెండూ చేశాను.

చివరగా రేట్స్.పీవై, సెట్టింగ్స్.పీవై రెండింటి పైనా ఒక కాపలా లైను పెట్టాను: తన పేరు "బిల్లింగ్." తో మొదలయ్యే అసలు పేరు కాకపోతే ఇంపోర్ట్ ఎర్రర్ లేపు, అంతే. కొంచెం మొరటు పద్ధతే. కోడ్ రివ్యూ చేసేవాళ్లు ముఖం చిట్లించొచ్చు. డబ్బుతో పని చేసే ఫైలు కాబట్టి ఉండనిచ్చాను.

ఆ కాపలా లైను ఇప్పటిదాకా ఒక్కసారే పేలింది. నెల తర్వాత ఆ కుర్రాడే ఫోన్ చేశాడు. "అన్నా, నల్ల స్క్రీన్ ఒకటి వచ్చి టక్కున మాయమైంది, ఏందది?" ఏం నొక్కావని అడిగితే, రేట్లు ఎక్కడున్నాయో చూద్దామని ఫోల్డర్ తెరిచి రేట్స్.పీవై మీద డబుల్ క్లిక్ కొట్టాడట. డబుల్ క్లిక్ కొడితే ఆ ఫైలు పేరు "మెయిన్" అవుతుంది కదా, కాపలా లైను ఒప్పుకోలేదు. ఏం కాలేదు, రేట్లు స్క్రీన్‌లోనే మార్చుకో అన్నాను. "మారుస్తా ఉండా అన్నా, బిల్లులో కూడా అదే వస్తా ఉంది," అన్నాడు.